జిగట బియ్యపు రొట్టె - మన కుడుము



బియ్యపు పిండిని ఆవిరిపై నుడికించి భక్ష్యములు చేయుట మనకు క్రొత్త గాదు. వినాయక చవితికి కుడుములు, ఉండ్రాళ్ళు చేయని యిల్లు ఉద్దానమున నరుదు. ఇచ్ఛాపురము దాటినచో, ఒరియావారు ప్రథమాష్టమినాడు పసుపాకులలో పిండిని మడిచి వండు ‘ఎండురి పిఠా’ గలదు. చీనాదేశస్థులు తమ సంవత్సరాదికి చేయు ‘నియెన్‌గావ్’ అను రొట్టెయు నీ జాతిదే. కాని దానికి వాడు బియ్యము వేఱు.

దానిని జిగట బియ్యమందురు. బర్మాలో నది ఉదయపు టాహారము. పూర్వము మన తీరమునుండి జీవనోపాధికై రంగమునకు పోయి, దానిని చూచి వచ్చిన వారు గలరు.

బియ్యమునందలి పిండిపదార్థము రెండు విధములు. ఒకటి తీగవలె నిడుపైనది. రెండవది కొమ్మలవలె శాఖలు గలది. మొదటిది చల్లారగానే బిగిసి గట్టిపడును. మన బియ్యమున రెండును గలవు. జిగట బియ్యమున దాదాపుగా రెండవదియే యుండును. కావుననే మన యన్నము పొడిపొడిగా నుండును. అది బంకవలె సాగును.

చీనా రొట్టె చేయు విధ మిది. తూకమున నాలుగు పాళ్ళు జిగట బియ్యపు పిండికి మూడు పాళ్ళు బెల్లము, నాలుగు పాళ్ళు నీరు కావలెను. బెల్లమును నీట కరగించి, వడగట్టి, చల్లార్చి, పిండిలో నుండకట్టకుండ కలుపవలెను. అరటియాకు పఱచిన పాత్రలో పోసి, గంటకు పైగా ఆవిరిపై నుంచవలెను. నడుమ గ్రుచ్చిన పుల్లకు పచ్చిపిండి యంటరాదు. పూర్తిగా చల్లారిన పిదపనే కోయవలెను. మరునాడు గట్టిపడినచో మరల ఆవిరి పట్టిన మెత్తబడును.

ఇదే విధముగా మన బియ్యపు పిండితో చేసినచో రొట్టె సాగదు, చల్లారి బిరుసెక్కును. మన గింజకు మన పద్ధతియే తగినది. బియ్యమును రాత్రి నానవేసి, నీరోడ్చి, తడి యారక మునుపే దంపి జల్లించవలెను. మరుగుచున్న నీటిలో నుప్పు వేసి, పిండిని పోసి కలియబెట్టవలెను. అపుడు సగముడికిన పిండి బంకయై తక్కినదానిని పట్టియుంచును. చన్నీటితో కలిపినచో కుడుము పగులును. పిండి వేడిగా నుండగనే మర్దించి, కొబ్బరి బెల్లముల లౌజు నించి, పావుగంట యావిరిపై నుడికించి, ఆ పూటనే తినవలెను.

మఱియొక హెచ్చరిక. జిగట రొట్టె నమలకున్న గొంతున కడ్డుపడును. జపానుదేశమున నూతన సంవత్సర దినములలో జిగట బియ్యపు ముద్ద యడ్డుపడి వృద్ధులు మరణించిన వార్తలు తఱచుగా వచ్చుచుండును. పండ్లు సడలినవారికి, పసివారికి దానిని మిక్కిలి చిన్న ముక్కలుగా కోసి, దగ్గర నుండి పెట్టవలెను.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన కొబ్బరితోటలను, జీడితోటలను నేలగూల్చినది. తిరిగి నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అట్టి కాయను, చెమటోడ్చి పండించిన ధాన్యమును, గింజ గుణ మెఱుగక పాడుచేయరాదు. ఏ గింజకు తగిన వంట నా గింజకు చేసినచో రుచియు దక్కును, పొదుపును దక్కును.