‘ఓకే’ అన్న డిస్కును నమ్మొచ్చా?

పెద్దకర్మకి ఇంక కొద్ది రోజులే ఉంది. ఈలోపు అవ్వ ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించాలి. సీతారామపురంలో మా మామ నడిపే చిన్న స్టూడియోకి ఆ కుర్రాడు వచ్చింది అందుకే. ‘‘అన్నా, మా అక్క పెళ్లికి నువ్వే గదా తీసింది. అవ్వ ఒక్కతే కుర్చీలో కూర్చోనుండే ఫొటో ఉంటది. అదొక్కటి తీసియ్యి’’ అన్నాడు.

మామ ఆ పెళ్లి ఫోల్డర్ తెరిచాడు. ఫొటోలు టకటకా వస్తున్నాయి. అవ్వ ఫొటో దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ మీద సున్నా తిరుగుతూనే ఉంది. నిమిషం తర్వాత ఫైలు చదవలేకపోతున్నానని చెప్పేసింది. మామ నాకు ఫోన్ చేశాడు. ‘‘అల్లుడా, అన్నీ వస్తా ఉండాయి. ఆ ఒక్కటే రావడంలా. ఏంది కథ?’’

ఆ డిస్కులో ఉన్నది ఒక్క పెళ్లి కాదు. సీతారామపురం, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్లలో పదేళ్లుగా జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ అందులోనే ఉన్నాయి. 2 టీబీ డిస్కులో 1.4 టీబీ నిండింది. ఇంకో కాపీ ఉందా అంటే, లేదు.

మీ ల్యాప్‌టాప్‌లోనో, అల్మారాలో పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కులోనో మీవీ ఇలాంటివే ఉండి ఉంటాయి. అవి పోకముందే డిస్కు మనకేం చెబుతుందో, దాన్ని ఎలా చదవాలో చూద్దాం.

రెండు రిపోర్టులు, రెండు మాటలు

మామ నాలుగేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక టవర్ సర్వర్ కొన్నాడు. పాత కంప్యూటర్లోని ఫొటోలన్నీ అందులోకి మార్చి, పాతదాన్ని అమ్మేశాడు. ఈ సర్వర్ ఆన్ చేసినప్పుడల్లా డిస్కు ‘ఓకే’ అనే చూపిస్తుంది. ఆరోజూ అదే చూపించింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడమన్నాను. అది పసుపు రంగులో ‘కాషన్’ అంది. ఒకే డిస్కు గురించి ఒకటి బాగుందంటోంది, ఇంకోటి జాగ్రత్త అంటోంది. ఏది నమ్మాలి?

ఈ రెండూ చదివేది ఒకే రిపోర్టు. దాని పేరు స్మార్ట్, అంటే సెల్ఫ్ మానిటరింగ్, అనాలిసిస్ అండ్ రిపోర్టింగ్ టెక్నాలజీ. 1992లో ఐబీఎం తన సర్వర్ డిస్కుల్లో, ఆ తర్వాత కాంపాక్ తన కంప్యూటర్లలో తెచ్చిన పద్ధతులే దీనికి పునాది. డిస్కు తన గురించి తానే రాసుకునే డైరీ అనుకోండి. ఎన్ని గంటలు తిరిగాను, ఎంత వేడెక్కాను, ఎక్కడెక్కడ చదవలేకపోయాను అన్నీ అందులో ఉంటాయి.

ఈ డైరీలో ఒక్కో వరసకి ఒక విలువ, ఒక హద్దు, చివర్లో అసలు లెక్క ఉంటాయి. విలువ సాధారణంగా 100 దగ్గరో 200 దగ్గరో మొదలై, డిస్కు పాడయ్యేకొద్దీ తగ్గుతుంది. హద్దును తయారీ కంపెనీయే పెడుతుంది. విలువ హద్దు దాకా పడిపోతే తప్ప డిస్కు ‘ఫెయిల్’ అనదు. మామ డిస్కులో చెడిపోయిన చోట్ల వరసకి విలువ 100, హద్దు 10. అంటే 35 మార్కులతో పాసైనవాడూ పాసే, 95 తెచ్చుకున్నవాడూ పాసే అన్నట్టు. ‘ఓకే’ అన్న మాటకి అర్థం అంతవరకే. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో మాత్రం ముఖ్యమైన మూడు వరసల్లో అసలు లెక్క చూస్తుంది. అక్కడ సున్నా కాకుండా ఇంకేదున్నా పసుపు రంగు వేస్తుంది.

ఏ అంకె చూడాలి?

మామ వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. తిరిగిన గంటల వరసలో ‘బీ4ఎఫ్0’ అని ఉంది. గంటల్లో ఈ అక్షరాలేంటి? అప్పుడు గుర్తొచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా అసలు లెక్కను పదహారు అంకెల పద్ధతిలో, అంటే హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. లేదా ఫోన్ కాలిక్యులేటర్‌తో మార్చి చూడాలి. బీ4ఎఫ్0 అంటే 46,320 గంటలు.

ఇందులోనే ఇంకో సంగతి బయటపడింది. స్టూడియో రోజుకి పది గంటలు, ఏడాదికి 300 రోజులు తెరిచి ఉంటుందనుకుందాం. నాలుగేళ్లకి 12 వేల గంటలు. మిగతా 34 వేల గంటలు? అవి మామ కొనకముందే తిరిగినవి. అంటే దాదాపు నాలుగేళ్లు పగలూ రాత్రీ ఆపకుండా తిరిగాక ఆ డిస్కు మా ఊరొచ్చింది.

ఇక అసలు చూడాల్సిన వరసలు ఇవి.

05, రీఅలొకేటెడ్ సెక్టార్లు: డిస్కులో పాడైన చోటుకి బదులు వాడుకోవడానికి కొన్ని సెక్టార్లు విడిగా ఉంటాయి, కారుకి స్టెప్నీ ఉన్నట్టు. ఎన్ని స్టెప్నీలు వాడేశారో ఈ అంకె చెబుతుంది. ఇది పెరగడమే గానీ తగ్గడం ఉండదు. మామ డిస్కులో 18 అని ఉంది. మార్చి చూస్తే 24.

సీ5, పెండింగ్ సెక్టార్లు: డిస్కు చదవలేకపోయి, అనుమానంతో పక్కన పెట్టిన చోట్లు. అక్కడ మళ్లీ కొత్త డేటా రాసినప్పుడు సరిగ్గా పడితే ఈ లెక్క తగ్గుతుంది, పడకపోతే స్టెప్నీ వాడాలి. ఇప్పుడు తెరుచుకోని ఫైళ్లు ఉండేది ఇక్కడే. మామ డిస్కులో 8. ఈ కాలపు చాలా డిస్కుల్లో లోపలి ఒక్క 4 కేబీ సెక్టార్ బయటికి ఎనిమిదిగా కనిపిస్తుంది. కాబట్టి 8 అంటే ఒక్క మచ్చే కావచ్చు. ఆ మచ్చ అవ్వ ఫొటో మీద పడింది.

సీ6, అన్‌కరెక్టబుల్: డిస్కు తనంతట తాను పరీక్ష చేసుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి.

సీ7, సీఆర్‌సీ ఎర్రర్లు: ఇది పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి. పాత లెక్క తగ్గదు, కొత్తగా పెరగకపోతే చాలు.

కొన్ని అంకెలు ఊరికే భయపెడతాయి. సీగేట్ డిస్కుల్లో 01 వరసలో కోట్లలో అంకె కనిపిస్తుంది. అది వాళ్లు లెక్క రాసే పద్ధతి, ఆ డిస్కులకి మామూలే. మీది ఎస్ఎస్‌డీ అయితే రిపోర్టు వేరుగా ఉంటుంది. అక్కడ కనిపించే శాతం, రాసే శక్తి ఎంత మిగిలిందన్న లెక్క. 90 శాతం ఉన్నా రేపు పోదన్న హామీ ఏమీ లేదు.

సర్వర్ వాడేవాళ్లకి ఇంకో మాట. రెయిడ్ కార్డు ఉంటే స్మార్ట్ రిపోర్టు విండోస్‌కి కనిపించకపోవచ్చు. ఆ కార్డు సాఫ్ట్‌వేర్‌లోనే చూడాలి. సాస్ రకం డిస్కుల్లో అసలు ఈ పట్టికే ఉండదు. ‘గ్రోన్ డిఫెక్ట్’ అన్న లెక్క ఎంతుందో చూడాలి.

అంకె కన్నా దాని నడక ముఖ్యం

ఇక్కడ నేనో తప్పు చేశాను. 24, 8 చిన్న అంకెలే కదా అనుకుని, ‘‘ఎల్లుండి వస్తాలే మామా, అప్పటిదాకా పని చేసుకో’’ అన్నాను. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే సీ5లో 28 ఉంది. అంటే 40. రెండు రోజుల్లో అయిదింతలు.

2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకి పైగా డిస్కుల్ని గమనించి ఒక పరిశోధన పత్రం వేశారు. మొదటి రీఅలొకేషన్ కనబడ్డ డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, అది లేని డిస్కుతో పోలిస్తే 14 రెట్లు ఎక్కువ. పెండింగ్ మొదలైన డిస్కుకి 16 రెట్లు. కాబట్టి ‘సున్నా’ నుంచి ‘ఒకటి’కి రావడమే పెద్ద వార్త.

అదే పత్రంలో రెండో సగం కూడా ఉంది. పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ఇలాంటి నాలుగు గట్టి సంకేతాల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. క్లౌడ్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2016లో తన డిస్కుల లెక్క చెప్పింది. తాము చూసే అయిదు వరసల్లో ఏ హెచ్చరికా లేకుండా పోయినవి 23.3 శాతం. రెండు లెక్కల్నీ కలిపి చదివితే తేలేది ఒకటే. రిపోర్టు ప్రమాదం ఉందంటే నమ్మండి, ప్రమాదం లేదంటే మాత్రం పూర్తిగా నమ్మొద్దు.

మరి మన ఎండల సంగతి? మామూలు వేడికీ డిస్కులు పోవడానికీ అనుకున్నంత సంబంధం గూగుల్ వాళ్లకి కనిపించలేదు. కానీ మూడేళ్లు దాటిన డిస్కుల్లో, బాగా వేడెక్కినప్పుడు తేడా కనిపించింది. మామ డిస్కు అయిదేళ్లకి పైగా తిరిగింది, ఫ్యాన్ నిండా దుమ్ము.

ముందు కాపీ, తర్వాతే పరీక్ష

పసుపు రంగు చూడగానే చాలామంది చేసే పని చెక్‌డిస్క్ పెట్టడం, లేదంటే గంటల తరబడి సాగే లాంగ్ టెస్ట్ నడపడం. రెండూ మంచివే, కానీ కాపీ తీశాక. డిస్కు ఇంకెంతసేపు ఓర్చుకుంటుందో తెలియనప్పుడు, ఆ ఓపికని పరీక్షలకి ఖర్చు పెట్టొద్దు. ఫ్రీజర్లో పెట్టి తీయడం లాంటి యూట్యూబ్ చిట్కాల జోలికి అసలే వెళ్లొద్దు. డిస్కు టకటకమని కొట్టుకుంటున్నా, అసలు కనిపించకపోయినా వెంటనే ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వాలి.

మేం కొత్త 4 టీబీ డిస్కు తెచ్చాం. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాం. మామూలు కాపీ పాడైన చోట తచ్చాడుతుంది. ఇది అలా కాదు. ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసేసుకుని, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, లాగ్ ఫైలు ఉంటే ఆగిన చోట నుంచే మొదలెడుతుంది. మధ్యలో కరెంటు రెండుసార్లు పోయింది కూడా.

ఒకటిన్నర రోజు పట్టింది. చివరికి ఎంత అడిగినా రానిది 48 కేబీ. ఒక వాట్సాప్ స్టిక్కరంత. పదేళ్ల ఫొటోల్లో అంతే పోయింది. ఒక పెళ్లి వీడియో తలంబ్రాల దగ్గర రెండు సెకన్లు గళ్లుగళ్లుగా వస్తుంది. అవ్వ ఫొటో సగం పైన వచ్చింది, కింద సగం బూడిద రంగు.

‘కొత్త’ డిస్కు కొనేటప్పుడు

తక్కువ ధరకి వస్తోందని ఆన్‌లైన్‌లో పాత సర్వర్ డిస్కులు కొనేవాళ్లు ఎక్కువే. ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ డైరీని చెరిపేయొచ్చు. సర్వర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కుల్ని, స్మార్ట్ లెక్కలు సున్నా చేసి కొత్తవిగా అమ్ముతున్నారని 2025 మొదట్లో జర్మనీ టెక్ పత్రిక హైజె బయటపెట్టింది. వాటిని అలా అమ్మింది తాము కాదని కంపెనీ చెప్పింది. ఆ డిస్కుల్లో ‘ఫార్మ్’ అనే ఇంకో లాగ్ మాత్రం అసలు గంటల్ని దాచుకుని ఉంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ కొత్త వెర్షన్లు దాన్ని చదవగలవు. డిస్కు చేతికి రాగానే రెండూ పోల్చి చూడండి, గంటలు కలవకపోతే అప్పుడే తిప్పి పంపండి.

గోడ మీది అవ్వ

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంకో ఊళ్లో. ఈ 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే. మన దగ్గరా దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి లాంటివాళ్ల చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసింది. ఆ పాత వెబ్‌సైట్ మూతపడింది. అయినా ఆ పుస్తకాల్లో ఎన్నింటినో ఇప్పుడు మనం ఫోన్‌లో చదువుకుంటున్నామంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇంకో కాపీ ఉండబట్టే.

పెద్దకర్మ ముందురోజు ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. సగం బూడిదైన ఫొటో చూపించడానికి మామకి మొహం చెల్లలేదు. ‘‘మీ అక్క దగ్గర పెళ్లి ఆల్బమ్ ఉండాదా నాయనా?’’ అన్నాడు. ఉంది, అత్తగారింట్లో. సాయంత్రానికి తెచ్చాడు. తొమ్మిదో పేజీలో అవ్వ, కుర్చీలో, కొత్త చీరలో. మామ ఆ ప్రింటుని స్కాన్ చేసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు స్టూడియోలో రెండు డిస్కులున్నాయి. మూడోది నెలకోసారి బస్సెక్కి నెల్లూరులో మా ఇంటికి వచ్చిపోతుంది. ప్రతి ఒకటో తారీకున మామ స్క్రీన్‌షాట్ పంపుతాడు. కింద ఒకే ప్రశ్న ఉంటుంది. ‘‘అల్లుడా, సీ5 ఎంత?’’