తులసికి పురుగు పడితే ఏమి చేయాలి?

బడంగ్‌పేట్‌లో పెరటి ఇళ్లు తగ్గి, అపార్ట్‌మెంట్లు పెరిగాయి. చాలా ఇళ్లలో తులసికోట బాల్కనీలోని కుండీ అయింది. గాలి, ఎండ చాలని ఆ కుండీలో ఆకుల అడుగున, కణుపుల వద్ద దూదిపింజల వంటి తెల్లని పురుగు చేరుతుంది. దానినే పిండినల్లి అంటారు. దర్శనానికి వచ్చే గృహిణులు నన్ను తరచుగా అడిగే మాట: “అయ్యగారూ, తులసమ్మకు పురుగు పట్టింది. మందు కొట్టవచ్చునా? పాపం తగులుతుందా?”

పాపం సంగతి ముందు చెబుతాను. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ ఉన్న ఇంట తెలియకుండానే ప్రాణిహింస జరుగుతుందని, వీటికి పంచసూనలని పేరు పెట్టి, పరిహారంగా పంచమహాయజ్ఞాలను మనుస్మృతి విధించింది. గృహస్థుకు సంపూర్ణమైన అహింస సాధ్యం కాదని శాస్త్రానికి తెలుసు. కనుక పూజించే మొక్కను కాపాడుకోవడానికి పురుగును తొలగించడం దోషం కాదని నా అభిప్రాయం.

నన్ను కలవరపెట్టేది మందు సంగతి. తులసి అలంకారానికి పెంచే మొక్క కాదు. దాని దళం స్వామి పాదాల నుండి తీర్థంలోకి, తీర్థం నుండి మన నాలుక మీదికి వస్తుంది. పసిపిల్లల నోటికీ అందుతుంది. దుకాణాల్లో దొరికే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు అంతర్వాహికమైనవి. అంటే వేరు ద్వారానో ఆకు ద్వారానో మొక్క రసంలో కలిసి, ఆకుల్లోకి వ్యాపిస్తాయి. ఆ రసం పీల్చిన పురుగు అందువల్లనే చస్తుంది. అటువంటి దళాన్ని ఎన్నిసార్లు కడిగినా విషం పోదు, ఎందుకంటే అది ఆకు పైన లేదు, లోపల ఉంది. పైగా మొక్క పచ్చగా నిగనిగలాడుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఇప్పటికే వాడినవారు ఆ మొక్కను చూపుకు ఉంచుకొని, పూజకు వేరొకటి నాటుకోండి. ఆలయానికి దళాలు, మాలలు సమర్పించే దాతలను ఈ విషయమై ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను.

మన పూర్వులకు ఈ చింత లేదనుకోవద్దు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. రోగం సోకిన భాగాన్ని శస్త్రంతో తొలగించి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయమన్నాడు. సురపాలుని వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో దానిని నళినీ సాధలే ఆంగ్లానువాదంతో ప్రచురించింది. మనకు ఇంత చేరువలో జరిగిన విద్యాకార్యం మనలో ఎందరికి తెలుసు?

బాల్కనీలో నెయ్యి పూయమని నేను చెప్పను, చీమలు చేరుతాయి. ఆయన చెప్పిన క్రమం మాత్రం గ్రహించదగినది. పురుగు గుంపుగా పట్టిన కొమ్మలను ముందు కత్తిరించి, సంచిలో కట్టి పారవేయాలి. తులసిని కోయరాదన్న భయంతో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ద్వాదశి వంటి నిషిద్ధ దినాలను తప్పించి నిస్సంకోచంగా చేయవచ్చు. తరువాత ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడగాలి. ఆపైన లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కొద్దిగా కుంకుడురసం చేర్చి, బాగా గిలకొట్టి, సాయంకాలం చల్లాలి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. వేపలోని అజాడిరక్టిన్ పురుగు తిండిని, ఎదుగుదలను అడ్డుకుంటుంది కాబట్టి ఫలితం మరునాటికే కనబడదు. గుడ్ల నుండి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి, అందుచేత వారానికొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు చల్లండి. అంతవరకు ఆ మొక్క దళాలు పూజకు కోయవద్దు. తరువాత వచ్చిన కొత్త చిగుళ్లను కడిగి వాడుకోండి.

కుండీ మీద చీమలు బారులు తీరాయంటే పిండినల్లి ఉందేమోనని వెతకండి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానిని కాపాడతాయి. ఎర్రని వంటి మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగు కనబడితే మాత్రం తోలవద్దు. అది పేనుబంకను తింటుంది. వేపనూనె చల్లే రోజున దానిని మెల్లగా పక్క కుండీలోకి చేర్చండి.