తనంతట తనే పట్టే క్లచ్చు

టీవీఎస్ ఎక్సెల్ బండి మీరు చూసే ఉంటారు. వడ్ల బస్తా వేసుకుని పొలం దారిన పోతుంటుంది. దానికి గేర్లు మార్చే పని లేదు. ఎక్సలేటరు తిప్పితే కదులుతుంది. బ్రేకు వేస్తే ఆగుతుంది. బండి ఆగినా ఇంజను ఆగదు. ఎందుకని? దాని లోపల ఆటోమేటిక్ క్లచ్చు ఉంది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1958లో జపానులో హోండా కంపెనీ సూపర్ కబ్ అనే బండికి ఇలాంటి క్లచ్చే పెట్టింది. ఇప్పుడు కొండల్లో, రాళ్లల్లో నడిపే పెద్ద మోటారు సైకిళ్లకు కూడా దీన్ని విడిగా కొని బిగించుకుంటున్నారు. అమెరికాలో రెక్లూస్ అనే కంపెనీ వీటిని తయారు చేస్తుంది.

కొండ దారిలో దీని అవసరం ఏమిటి? బండి ఎత్తు ఎక్కుతోంది. రాయి అడ్డం వచ్చింది. వేగం తగ్గింది. ఆ క్షణంలో క్లచ్చు నొక్కకపోతే ఇంజను టక్కున ఆగిపోతుంది. బండి వెనక్కి జారి మనిషి మీద పడొచ్చు. పోనీ నొక్కుతూనే ఉందామంటే, గంట తిరిగేసరికి ఎడమ చెయ్యి కొయ్యబారిపోతుంది. ఆ చేతిలో బలం లేనివాళ్ల మాట ఇక చెప్పక్కర్లేదు.

మామూలు క్లచ్చులో ప్లేట్లు దొంతరగా ఉంటాయి. స్ప్రింగులు వాటిని అదిమి పడతాయి. అప్పుడే ఇంజను బలం చక్రానికి అందుతుంది. పిడి నొక్కితే ప్లేట్లు విడిపోతాయి.

వడిసెల తిప్పారా ఎప్పుడైనా? తిప్పేకొద్దీ రాయి బయటికి లాగుతుంది కదా! ఇక్కడా అంతే. దొంతరలో ఒక ప్రత్యేకమైన ప్లేటు ఉంటుంది. దానిలో చిన్న చిన్న ఇనుప బిళ్లలు ఉంటాయి. ఇంజను జోరందుకుంటే అవి బయటికి జరుగుతాయి. ప్లేటు ఉబ్బి మిగతావాటిని అదుముతుంది. జోరు తగ్గితే చిన్న స్ప్రింగులు బిళ్లలను లోపలికి లాగేస్తాయి. క్లచ్చు విడిపోతుంది. గేర్లు మాత్రం కాలితో మార్చుకోవాల్సిందే.

బిగించడం కష్టం కాదు. బండిని ఎడమ పక్కకి వాల్చాలి. అప్పుడు ఆయిలు కారిపోదు. కుడివైపు క్లచ్చు మూత విప్పి పాత ప్లేట్లు తియ్యాలి. కొత్తవాటిని ఇంజను ఆయిల్లో నానబెట్టి, కాగితంలో చూపిన వరుసలోనే పెట్టాలి.

అసలు పని ఆ తర్వాత ఉంది. ప్లేట్ల మధ్య సందు సరిగ్గా ఉండాలి. సందు ఎక్కువైతే క్లచ్చు జారుతుంది, ప్లేట్లు మాడిపోతాయి. తక్కువైతే బండి నిలబడదు, ముందుకు లాగుతూనే ఉంటుంది. దీనికి చక్కని ఉపాయం ఉంది. క్లచ్చు పిడికి, హ్యాండిలుకి కలిపి ఒక రబ్బరు బ్యాండు వెయ్యండి. ఇంజను వేడెక్కాక, న్యూట్రల్లో ఉంచి రేజ్ చెయ్యండి. పిడి చివర దానంతటదే సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి జరగాలి. జరగలేదా? సందు ఎక్కువైందన్నమాట. సరిచేశాకే బండి ఎక్కండి. ప్లేట్లు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. అందుకే బయల్దేరే ప్రతిసారీ ఇలా చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఇంజను ఆపితే ఈ క్లచ్చు విడిపోయే ఉంటుంది. కాబట్టి తోసి స్టార్టు చేద్దామంటే కాదు. వాలులో గేరు వేసి వదిలేసినా బండి దొర్లిపోతుంది. చక్రం కింద రాయి పెట్టండి. వాలు దిగేటప్పుడు ఎక్సలేటరు పూర్తిగా వదిలి ఇంజను జోరు పడిపోనిస్తే, ఇంజను బండిని పట్టి ఉంచదు. కాస్త రేజ్ ఇస్తే క్లచ్చు మళ్లీ పట్టుకుంటుంది.