స్క్రూ ఎక్కడ దిగితే వెన్నుకు బలం?

చిక్కడపల్లి మార్కెట్లో మూటలు మోసే ఒక సోదరుడికి నిరుడు నడుము పూస విరిగింది. ఆపరేషన్‌కు చందా కోసం అశోక్‌నగర్, నారాయణగూడ ఇళ్లకు వెళ్తే చాలామంది అడిగింది ఒక్కటే: "స్క్రూలు వేస్తే ఇక భయం లేదు కదా మాస్టారూ?" సైన్సు టీచర్‌ని కనుక నాకు తెలిసినంత చెబుతాను.

ప్రతి పూసలో వెనుక భాగాన్ని ముందున్న దిమ్మెతో కలిపే రెండు పొట్టి ఎముక స్తంభాలుంటాయి. వాటిని పెడికిల్స్ అంటారు. స్క్రూకు ఎక్కువ పట్టు దొరికేది అక్కడే. స్క్రూ పక్కకు తప్పితే మెత్తటి ఎముకే మిగులుతుంది, పట్టు తగ్గుతుంది. లోపలి వైపు తప్పితే నరాలకు ప్రమాదం. రెండు స్క్రూలూ లోపలికి కాస్త ఏటవాలుగా దిగితే సులభంగా ఊడిరావు. ఏటవాలు మేకుల సంగతి వడ్రంగులకు తెలిసిందే.

శరీరం బరువు వెన్నుకు ముందుంటుంది, స్క్రూ వెనుక నుంచి పట్టుకుంటుంది. గోడకు బిగించిన అలమర బ్రాకెట్‌లాగే దాని మొదట్లోనే వంపు ఒత్తిడి ఎక్కువ. అందుకే విరిగే స్క్రూలు ఎక్కువగా తల దగ్గరే విరుగుతాయి. స్క్రూ కాండం 5 మిల్లీమీటర్ల నుంచి 6కు పెరిగితే వంపును తట్టుకునే బలం సుమారు 1.7 రెట్లవుతుంది. అయితే పెడికిల్ వెడల్పును మించి లావు స్క్రూ వేయలేరు. స్క్రూల తలలు ఒక వరసలో లేకపోతే రాడ్‌ను బలవంతంగా బిగించాలి. అప్పుడు రోగి పడుకున్నా స్క్రూ మీద ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

అన్నీ సరిగ్గా కుదిరినా లోహానికి అలుపు ఉంటుంది. ఇనుప తీగను పదేపదే వంచితే తెగుతుంది కదా! ఎముక అతుక్కునే దాకా కాపు కాయడమే స్క్రూ పని. అందుకు నెలలు పడుతుంది. ఈలోగా మూట ఎత్తితే స్క్రూ వదులవుతుంది, లేదా విరుగుతుంది.

ఇల్లు గడవని మనిషి మూట ఎత్తక ఏం చేస్తాడు? అందుకే మన సొసైటీ ఆపరేషన్‌తో ఆగకుండా ఆ ఇంటికి ఆరు నెలలు రేషన్, ఎక్స్‌రేల ఖర్చు ఇచ్చింది. ఎముక అతుక్కుంది. ఇప్పుడాయన అదే మార్కెట్లో కాటా దగ్గర కూర్చుంటున్నాడు.

పంజాగుట్టలోని నిమ్స్ కూడా నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రిగానే 1964లో మొదలైంది. అంత పెద్ద దానం మన వల్ల కాకపోవచ్చు. స్క్రూ సరిగ్గా దించడం డాక్టరు పని. అది నిలిచేలా ఆ ఇంటికి బియ్యం పంపడం మాత్రం మన చేతిలో ఉంది.