తాఖీదు అందని జరిమానా

సికిందరాబాదు ఏ.ఎస్. రావు నగర్ అంగళ్ల యెదుట కారు నిలుపుటకు చోటు దొరకుట యెంత దుర్లభమో అచ్చటి నివాసుల కెఱుకయే. రక్షకభటుడు ఛాయాచిత్రము తీసికొని పోవును, యజమాని యెఱుగడు. మాసములు గడచిన పిదప జరిమానా బయల్పడును. తాఖీదే అందనప్పుడు ఇది చెల్లునా?

కేంద్ర మోటారు వాహన నియమములలో 2021 ఆగస్టున చేర్చబడిన 167-ఏ నియమము, నేరము జరిగిన 15 దినములలోగా తాఖీదు పంపవలెనని విధించినది. పంపవలెనన్నదే గాని అందవలెనని యనలేదు. 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 27వ సెక్షను ననుసరించి, సరియైన చిరునామాకు రిజిష్టరు టపాలో పంపిన కాగితము, అందలేదని రుజువగునంతవరకు అందినట్లే. ఇల్లు మారిన యజమాని 30 దినములలో ఆ సంగతి రిజిస్టరింగు అధికారికి తెలుపవలెను. తెలుపనివాడు టపావానిని నిందించి లాభము లేదు.

అయితే ఆ సెక్షను టపాను గూర్చియే చెప్పినది. ఫోనుకు పంపిన సందేశమును గూర్చి కాదు. కావున పంపిన తేదీని, చిరునామాను, టపా రసీదును చూపుడని యజమాని నిస్సంకోచముగా అడుగవచ్చును. చలాను ఆరోపణమే గాని తీర్పు కాదు. న్యాయస్థానమున వాదించుకొను హక్కు కలదు. జరిమానా మాత్రమే శిక్షగాగల నేరమును 6 మాసములు దాటిన పిమ్మట న్యాయస్థానము సాధారణముగా విచారణకు గైకొనరాదు.

2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము బకాయి చలానులపై ద్విచక్ర వాహనములకు నూటికి 80 వంతులు తగ్గించినది. అంత రాబడిని వదలుకొన్న ప్రభుత్వమునకు వేళకు తాఖీదులు పంపు ఖర్చు బరువు కానేరదు.