ఇంప్లాంట్ పన్నుకు చిగురే అందం

పన్ను ఊడిన చోట ఇంప్లాంట్ వేయించుకోవడం మన కుటుంబాల్లో ఇప్పుడు మామూలైంది. ఖర్చెంత, ఎన్నాళ్లు మన్నుతుంది అని అందరం అడుగుతాం. చిగురు సంగతి అడిగేవారు తక్కువ. నా పై ముందు పన్ను తీయాల్సి వచ్చినప్పుడు, ఇక్కడ భిలాయిలో డాక్టరు గారు ముందు చిగురు గురించే మాట్లాడారు. అప్పుడు తెలుసుకున్న విషయాలివి.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర. ఎముకతో టైటానియం కలిసిపోతుందని 1952లో స్వీడన్ వైద్యుడు బ్రోన్‌మార్క్ కుందేళ్లపై ప్రయోగాల్లో గమనించారు. 1965లో మనిషి దవడలో అమర్చారు. ఉక్కు నగరంలో ఉండే మాకు లోహం మీద నమ్మకం ఎక్కువే. కానీ నవ్వినప్పుడు కనబడేది లోహం కాదు, చిగురు అంచు.

పన్ను తీశాక కొన్ని నెలల్లోనే పెదవి వైపు ఎముక సన్నబడుతుంది. దాంతో చిగురూ కుంగుతుంది. అప్పుడు కొత్త పన్ను పక్క పళ్లకంటే పొడవుగా కనిపిస్తుంది. చిగురు పలచనైతే లోపలి లోహం బూడిద రంగు నీడలా బయటపడవచ్చు. రోజంతా కౌంటరులో ఖాతాదారులతో మాట్లాడే మనకు ఇది చిన్న విషయం కాదు.

దీనికి చేసే చికిత్స చిగురు అతికింపు. ఆ చోటికే మత్తు ఇచ్చి, అంగిలిలో పైపొర కింది కణజాలాన్ని చిన్న ముక్కగా తీస్తారు. ఇంప్లాంట్ దగ్గర చిగురు కింద దాన్ని అమర్చి కుట్టేస్తారు. చిగురు మందమవుతుంది. అంగిలి గాయం సాధారణంగా రెండు మూడు వారాల్లో మానుతుంది. అన్నాళ్లూ ఆవకాయకు సెలవు, పెరుగన్నమే గతి.

ఇంప్లాంటుకు ముందు గానీ, దానితోపాటు గానీ దీన్ని చేయడం మేలు. పైన తొడుగు బిగించాక సరిచేయడం కష్టం. పక్కపక్కనే రెండు ఇంప్లాంట్లు ఉంటే మధ్యలోని ముక్కోణపు చిగురు పూర్తిగా తిరిగి రావడం మరీ కష్టం.

పొగ తాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి గాయం సరిగా మానదు. ఛత్తీస్‌గఢ్‌లో పళ్లకు రుద్దే గుడాఖూ కూడా పొగాకే. అది చిగుళ్లకు చేటు.

అందుకే ఎస్టిమేటు తీసుకునేటప్పుడే మూడు మాటలు అడగండి: నా చిగురు మందం సరిపోతుందా? అతికింపు అవసరమైతే ఎప్పుడు చేస్తారు? ఆ ఖర్చు ఇందులో కలిసిందా?