వార్తల్లో పదం: ఇంటెన్సిఫై

ఉన్నదాన్ని మరింత తీవ్రం చేయడం, లేదా తనంత తాను తీవ్రం కావడం: ‘ఇంటెన్సిఫై’ అనే ఇంగ్లిష్ క్రియకు రెండు అర్థాలూ ఉన్నాయి. అంతకుముందున్న మాటలేవీ సరిపోక ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1817లో దీన్ని పుట్టించాడు.

తెలుగులో దీనికి ఒక్క మాట చాలదు. గాలింపు ముమ్మరమవుతుంది. వాయుగుండం బలపడుతుంది: గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే అది తుపాను. ఆదిలాబాద్‌లో చలి ముదురుతుంది, పొద్దెక్కినా మంట దగ్గరి నుంచి ఎవరూ లేవరు. 2009 నవంబర్ 29న దీక్షకు సిద్దిపేట బయల్దేరిన కేసీఆర్‌ను కరీంనగర్ శివారు అలుగునూరు వద్ద అరెస్టు చేశాక తెలంగాణ ఉద్యమం ఉధృతమైంది.

ఈ ‘ఉధృతం’ నీళ్లకు ఇంకా బాగా నప్పుతుంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకున్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మిగతా 17 ఎత్తినా వరద ఆగక గేట్ల మీది నుంచే దూకింది. కింది ఊళ్లవాళ్లు పిల్లాజెల్లాతో ఇళ్లు వదిలారు. ఆ ఘటనను ‘వరద తీవ్రతరమైంది’ అని రాస్తే నా మటుకు నాకు అది చప్పగా ఉంటుంది. ‘తీవ్రతరం’ కాగితం మీది మాట. మా దిక్కు వాన దంచుతది, వాగు ఉరుకుతది, ఎండ మండుతది. విలేకరి ముందు వెతకాల్సింది ఈ క్రియల్నే.